పాత మట్టితో సహా

మా బడి వరండాకి రెండు స్తంభాలు. ఒకదాని దగ్గర మిరియాల తీగ ఉంది. రెండోదాని దగ్గర ఖాళీ నీలం డ్రమ్ము ఉంది. ఆ డ్రమ్ములో కూడా ఒకప్పుడు మిరియాల తీగే ఉండేది. దాన్ని నేనే చంపాను. నీళ్లు పోయడం మర్చిపోయి చంపలేదు. బాగా పెరగాలని ఆశపడి, ఒకేసారి పెద్ద జాగా ఇచ్చి చంపాను.

అది ఎలా జరిగిందో చెప్పాలంటే మా బడిలో చదివిన ఒక పిల్లాడి సంగతి కూడా చెప్పాలి. తీగనీ ఆ పిల్లాణ్నీ నేను ఒకే నెలలో చోటు మార్చాను. రెండు చోట్లా చేసిన తప్పు ఒక్కటే. ఆ తప్పు నాకు తెలియడానికి ఏడాది పట్టింది. చెప్పింది కూడా ఆ పిల్లాడే.

మా బడి డుంబ్రిగూడ మండలంలో, కొండ వాలు మీద ఉన్న చిన్న ఊళ్లో ఉంది. నేను పుట్టింది పక్క పంచాయతీలో. మేం కోటియా తెగవాళ్లం. ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. మా బడి పిల్లల్లో సగం మంది మా వాళ్లే. మిగతావాళ్లు కొండదొర, ఖోండు పిల్లలు. అందరూ ఒక్క చాప మీద కూర్చుంటే మూడు భాషలు వినబడతాయి. నాలుగోది తెలుగు. అది పుస్తకంలో ఉంటుంది.

మా నాన్నకి రెండెకరాల కాఫీ తోట ఉంది. మన వైపు కాఫీ తోట అంటే మీకు తెలిసిందే. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి నీడలో కాఫీ, ఆ ఓక్ చెట్లని పట్టుకుని పైకి పాకిన మిరియాల తీగలు. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. మిరియం కేరళ వైపు పడమటి కనుమల నుంచి వచ్చింది. కాఫీ ఇంకా దూరం నుంచి, ఆఫ్రికా నుంచి వచ్చింది. మూడూ బయటివే. ఇప్పుడు మూడూ మన ఇంటి సొమ్ములయ్యాయి. మిరియం ఎండబెట్టి సంతకి పట్టుకెళ్తే, జీసీసీకి ఇస్తే, ఆ డబ్బుతో పిల్లల బట్టలు కొనుక్కునే ఇళ్లు మా ఊళ్లో చాలా ఉన్నాయి.

కరోనా తర్వాత బడులు తెరిచిన ఏడాది, 2021లో, నాన్న నర్సరీ నుంచి కవర్ మొక్కలు తెచ్చుకుంటూ రెండు మిరియం మొక్కలు నాకు ఇచ్చాడు. 'బడి దగ్గర పెట్టుకో, పిల్లలు చూస్తారు' అన్నాడు. నేలలో పెడదామంటే నేల లేదు. బడి ముందంతా సిమెంటు వేసేశారు. వెనక బండ. బండ దాటితే మేకలు. అందుకని మధ్యాహ్న భోజనం వండే అక్కని అడిగి రెండు ఖాళీ నూనె డబ్బాలు తీసుకున్నాను. అడుగున మేకుతో చిల్లులు కొట్టి, మట్టి నింపి, మొక్కలు పెట్టాను. ఒక్కో డబ్బాలో ఒక్కో సిల్వర్ ఓక్ కర్ర పాతి, ఆ కర్రని స్తంభానికి కట్టాను.

మొదటి రెండేళ్లు తీగలు చక్కగా పాకాయి. సైన్సు పాఠానికి నాకు వేరే చార్టు అక్కర్లేకపోయింది. మిరియాల తీగకి రెండు రకాల వేళ్లు ఉంటాయి. మట్టిలో ఉన్నవి తిండి, నీళ్లు తెస్తాయి. కాండం మీద ప్రతి కణుపు దగ్గరా ఇంకో రకం చిన్న వేళ్లు పుడతాయి. అవి చెట్టుని పట్టుకోవడానికి. పిల్లలు భూతద్దం పెట్టి ఆ చిన్న వేళ్లని చూసేవాళ్లు. 'సార్, దీనికి జెర్రికున్నట్టు కాళ్లున్నాయి' అని ఒక పిల్ల అంది. ఆ మాట నాకు పుస్తకం మాట కంటే బాగా నచ్చింది.

2023 వేసవికి తీగలు ఆగిపోయాయి. కొత్త ఆకు వస్తే చిన్నగా, పాలిపోయి వస్తోంది. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికే ఆరిపోతున్నాయి. పోసిన చెంబెడు నీళ్లూ మట్టిలో నిలవకుండా అడుగు చిల్లుల్లోంచి బొళబొళా కారిపోతున్నాయి. ఒక రోజు డబ్బా కొంచెం వంచి చూస్తే చిల్లుల్లోంచి తెల్లటి వేళ్లు బయటికి వచ్చి, సిమెంటు మీద పాకడానికి చూస్తున్నాయి. డబ్బాలో మట్టి కంటే వేళ్లే ఎక్కువయ్యాయి. తీగకి జాగా చాలడం లేదు. ఇది నాకు అర్థమైంది. అర్థమైన దానికి చేసిన పని తప్పు.

జూన్‌లో బడి తెరవగానే నీలం డ్రమ్ము ఒకటి సంపాదించాను. నడుం ఎత్తు డ్రమ్ము. ఇంత జాగా ఇస్తే ఇక పదేళ్లు చూసుకోనక్కర్లేదు అనుకున్నాను. అడుగున ఒక్క చిల్లు పెట్టాను. మొదటి తీగని కర్ర నుంచి ఊడదీశాను. డబ్బాలోంచి లాగాను. వేళ్లకి అంటుకున్న పాత మట్టి గట్టిపడి ఉంది. 'సారం లేని మట్టి' అనుకుని బోరింగు దగ్గర పెట్టి వేళ్లు శుభ్రంగా కడిగేశాను. తెల్లగా మెరిసేదాకా కడిగాను. అప్పుడు డ్రమ్ము నిండా కొత్త మట్టి, పేడ ఎరువు వేసి, మధ్యలో తీగని నాటి, కొత్త పైపు ఒకటి పాతి దానికి చుట్టాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

వారానికి ఆకులు వేలాడాయి. నీళ్లు చాలలేదేమో అనుకుని ఇంకా పోశాను. పైన వానలు. మూడో వారానికి మొదలు నల్లబడి, చేత్తో ముట్టుకుంటే మెత్తగా ఊడిపోయింది. డ్రమ్ములో చెయ్యి పెట్టి చూస్తే అడుగంతా బురద.

అదే జూన్‌లో నేను ఇంకో పని చేశాను.

మా బడిలో 5వ తరగతి పూర్తి చేసిన ఒక పిల్లాడు ఉన్నాడు. పేరు రాయను. లెక్కల్లో చురుకు. నేను బోర్డు మీద లెక్క రాసి తిరిగేలోపు వేళ్ల మీద చేసేసేవాడు. కాకపోతే జవాబు మా భాషలో చెప్పేవాడు. నాకు ఆ భాష వచ్చు కాబట్టి ఆ తేడా నాకు కనబడలేదు. తెలుగు చదివేవాడు, రాసేవాడు. మాట్లాడేటప్పుడు మాత్రం మా భాషలోకి దిగిపోయేవాడు. నేనూ దిగిపోయేవాణ్ని.

వాడికి మైదానంలో ఒక పెద్ద రెసిడెన్షియల్ బడిలో 6వ తరగతి సీటు వచ్చింది. ఇంగ్లీషు మీడియం. దరఖాస్తు నేనే నింపాను. పరీక్షకి నేనే తీసుకెళ్లాను. సీటు వచ్చిందని తెలిసిన రోజు వాళ్ల ఇంటికి వెళ్లి వాళ్లమ్మకి చెప్పాను. మా తెగలో వరస కలిపితే ఆమె నాకు చెల్లెలు అవుతుంది. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, 'అక్కడ మన మాట మాట్లాడేవాళ్లు ఉన్నారా అన్నా?' అని అడిగింది. 'మన మాట ఎందుకమ్మా, వాడు ఇంగ్లీషు నేర్చుకోవాలి' అన్నాను. ఆ మాట నేనే అన్నాను. ఇప్పటికీ చెవిలో వినబడుతూనే ఉంది.

దసరా సెలవులకి పిల్లాడు ఇంటికి వచ్చాడు. తిరిగి వెళ్లలేదు. నేను మూడుసార్లు వాళ్లింటికి వెళ్లాను. మొదటిసారి నన్ను చూసి పెరట్లోంచి తోటలోకి వెళ్లిపోయాడు. రెండోసారి కూర్చున్నాడు కానీ ఏం అడిగినా తల దించుకున్నాడు. మూడోసారి వాళ్లమ్మే చెప్పింది.

'మూడు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదట అన్నా. మాట్లాడితే నవ్వుతారట. అన్నం దగ్గర ఇంకొంచెం కావాలని అడగడానికి కూడా మాట రాక, ఆకలితోనే లేచేవాడట.'

అక్కడి వాళ్లు కొట్టారని చెప్పలేదు, తిట్టారని చెప్పలేదు. అన్నం కూడా పెట్టారు. భవనం పెద్దది, మంచాలున్నాయి, లైబ్రరీ ఉంది. జాగా చాలా ఉంది. ఆ జాగాలో వాడు పట్టుకోవడానికి ఒక్కటి కూడా లేదు.

ఆ రాత్రి నాకు నా మూడో తరగతి గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ దాన్ని గుర్తు చేసుకోకుండా ఎలా ఉన్నానో నాకే తెలియదు. అప్పుడు నన్ను కొండ దిగువ ఒక హాస్టలు బడిలో చేర్చారు. ఒక రోజు మాస్టారు ఒక బంతి మొక్కని పీకి తెచ్చి, కింది భాగం చూపించి, 'ఇదేంటిరా?' అని నన్ను అడిగారు. నాకు తెలుసు. వెంటనే 'చేర్' అన్నాను. మా భాషలో వేరుని చేర్ అంటాం. మాస్టారికి అది 'చేరు' అని వినబడింది. 'ఎక్కడికి చేర్తావురా, ఇప్పటికే చేరావుగా' అన్నారు. క్లాసంతా నవ్వింది. తర్వాత 'వేరు' అని చెప్పి పదిసార్లు రాయించారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకి మా మాట తెలియదు, అంతే. కానీ ఆ ఏడాదంతా నేను క్లాసులో జవాబు చెప్పలేదు. తెలిసిన జవాబులు కూడా చెప్పలేదు. తెలుగు బాగా వచ్చాక నాకు ఒకటి తోచింది. తెలుగులో 'చేరు' అంటే కలవడం, 'వేరు' అంటే విడిగా ఉండడం కూడా. నా మాట తీసేసి వాళ్ల మాట పెట్టేసరికి నేను క్లాసులో వేరైపోయాను.

పెద్దయ్యాక భీమునిపట్నం డైట్‌లో టీచరు శిక్షణ తీసుకున్నాను. పిల్లల మనస్తత్వ శాస్త్రం చదివాను, మార్కులు తెచ్చుకున్నాను. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000లో జీవో నంబర్ 3 వచ్చింది. ఆ జీవో నీడలోనే నాకు ఉద్యోగం దొరికింది. పిల్లల భాష తెలిసిన మనిషి, కొండ మీదే ఉండే మనిషి బడిలో ఉండాలని కదా అందులో ఉద్దేశం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. అప్పటికే జరిగిన నియామకాలని మాత్రం ఉంచింది. ఆ తీర్పు వచ్చినప్పుడు మేమంతా బాధపడ్డాం, సమావేశాలు పెట్టుకున్నాం, మాట్లాడాం. నేనూ మైకు పట్టుకుని 'మా పిల్లలకి మా భాష తెలిసిన టీచర్లు కావాలి' అన్నాను. మూడేళ్ల తర్వాత, మా చెల్లెలు గుమ్మంలో నిలబడి అదే ప్రశ్న అడిగితే, 'మన మాట ఎందుకు' అన్నది కూడా నేనే.

2004లో మన రాష్ట్రంలో మాతృభాష ఆధారంగా బహుభాషా విద్య మొదలుపెట్టారు. ఆదివాసీ ఒడియా, కువి, కొండ, సవర, కోయ, గోండి, కోలామి, బంజారా, మొత్తం ఎనిమిది భాషల్లో వాచకాలు తయారుచేశారు. లిపి తెలుగుదే, మాట మనది. ఒకటో తరగతిలో ఎక్కువగా ఇంటి భాష. ఏడాది గడిచే కొద్దీ తెలుగు కొంచెం కొంచెం పెరుగుతుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోట కనీసం 5వ తరగతి దాకా ఇంటి భాషలో చెప్పాలంటుంది. నాకు ఇవన్నీ తెలుసు. శిక్షణ తరగతుల్లో నేనే చెప్పిన సందర్భాలున్నాయి. తెలిసినదంతా, ఒక మంచి సీటు కనబడగానే మర్చిపోయాను. పెద్ద జాగా అలాంటిది. చూడగానే కళ్లు చెదురుతాయి.

2024లో వేసవి చివర ఒక మధ్యాహ్నం ఆ పిల్లాడు బడి వైపు వచ్చాడు. అప్పటికి వాళ్లమ్మ నర్సరీలో పనికి వెళ్తోంది. సంచుల్లో మట్టి నింపడం, తీగ ముక్కలు నాటడం. ఇంటి దగ్గర ఒక్కణ్నే వదల్లేక వాణ్ని వెంట తీసుకెళ్లేది. వాడు అక్కడ పనులన్నీ చూస్తూ తిరిగేవాడు. నేను వరండాలో కూర్చుని రికార్డులు రాసుకుంటున్నాను. వాడు నాతో ఏమీ అనకుండా నీలం డ్రమ్ము దగ్గరికి వెళ్లి లోపలికి చూశాడు. తర్వాత రెండో స్తంభం దగ్గర నూనె డబ్బాలో మిగిలిన తీగని చూశాడు. అది చావలేదు, పెరగలేదు. నాలుగు పసుపు ఆకులతో అలా ఉంది. మొదటిది చచ్చిపోయాక దాన్ని ముట్టుకోవడానికి నాకు భయం.

'డ్రమ్ములోది ఎలా చచ్చిపోయింది సార్?' అని మా భాషలోనే అడిగాడు. ఎనిమిది నెలల్లో వాడు నాతో మాట్లాడిన మొదటి మాట అది.

చేసిందంతా చెప్పాను. కడిగానని చెప్పగానే వాడు నోరు తెరిచాడు.

'కడిగేశారా? చేర్‌కి పాత మట్టి ఉండాలి సార్. నర్సరీలో సంచి కోసేటప్పుడు మట్టి ముద్ద విరిగితే మా అమ్మని తిడతారు.'

ఆ తర్వాత కర్ర సంగతి అడిగాడు. ఊడదీశానన్నాను. 'ఊడదీస్తే పాత కాళ్లు మళ్లీ పట్టుకోవు సార్. కొత్తగా పుట్టినవే పట్టుకుంటాయి' అన్నాడు. అది నిజమే. కణుపుల దగ్గరి వేళ్లు ఒకసారి చెట్టుకి అంటుకుని ముదిరాక, ఊడబెరికి ఇంకో చోట పెడితే అంటవు. నేను డైట్‌లో చదివింది వాడు నర్సరీలో చూశాడు.

'ఐతే దీన్ని నువ్వు మార్చు' అన్నాను. వాడు నా ముఖంలోకి చూశాడు. 'వాన పడనివ్వండి' అన్నాడు.

జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక ఒక శనివారం మార్చాం. ఎలా చేశామో పూస గుచ్చినట్టు రాస్తాను. బడిలో, ఇంట్లో కుండీల్లో తీగలు పెంచుకునేవాళ్లకి పనికొస్తుంది. మిరియానికే కాదు, తమలపాకు తీగకీ ఇదే పద్ధతి. రెండూ ఒకే కుటుంబం.

మొదట కుండీ. డబ్బా కంటే చుట్టూ మూడు వేళ్ల జాగా మాత్రమే ఎక్కువ ఉండే సిమెంటు కుండీ చాలన్నాడు. 'డ్రమ్ము ఖాళీగానే ఉంది కదరా' అన్నాను. వద్దన్నాడు. దీనికి కారణం ఉంది. ఉన్న వేళ్లు చిన్నవి, చుట్టూ ఉన్న మట్టి ఎక్కువ. ఆ మట్టిలో నీళ్లని తాగడానికి అక్కడ వేరు లేదు. తాగేవాళ్లు లేని నీళ్లు నిలవుంటాయి. నీళ్లు నిలిచిన మట్టిలో గాలి ఉండదు. గాలి లేకపోతే వేరు కుళ్లుతుంది. మిరియానికి అన్ని తెగుళ్లలోకీ చెడ్డది ఈ కుళ్లే. వేరు పెరిగి కుండీ నిండాక ఇంకో సైజు పెద్దది ఇవ్వాలి. ఒక్కో మెట్టు.

కుండీ అడుగున మూడు చిల్లులు పెట్టి, వాటి మీద పెంకు ముక్కలు బోర్లించాం. మట్టి బయటికి పోకూడదు, నీళ్లు ఆగకూడదు. మట్టి రెండు పాళ్లు, వాగు ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు. పచ్చి పేడ వెయ్యకూడదు, వేడికి వేరు మాడిపోతుంది.

ముందు రోజు సాయంత్రమే డబ్బాకి నీళ్లు పట్టించాం. తడిసిన ముద్ద విరగదు. తీగని పట్టుకుని లాగలేదు. డబ్బానే రేకు కత్తెరతో పైనుంచి కిందికి చీల్చాం. లోపల వేళ్లన్నీ డబ్బా ఆకారంలోనే గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. వాడు అడుగున చుట్టలు చుట్టుకున్న వేళ్లని మాత్రం వేళ్లతో మెల్లగా విడదీశాడు. మరీ ముదిరిపోయి చుట్టూ బిగుసుకున్నవి రెండు మూడు కత్తిరించాడు. అలా వదిలేస్తే కొత్త కుండీలో కూడా అవి గుండ్రంగానే తిరుగుతాయట. పాత అలవాటు. మధ్యలో ముద్దని మాత్రం ముట్టుకోలేదు.

కర్రని తీగ నుంచి విడదీయలేదు. స్తంభానికి కట్టిన తాడు విప్పి, కర్రతో సహా తీగని ఎత్తి కొత్త కుండీలో దించాం. పాత డబ్బాలో మట్టి ఎంత ఎత్తు ఉందో ఇక్కడా అంతే ఎత్తు. చుట్టూ కొత్త మట్టి వేసి, సందుల్లో గాలి మిగలకుండా పుల్లతో మెల్లగా కూరాం. మళ్లీ కర్రని అదే స్తంభానికి కట్టాం. ఒకసారి నిండా నీళ్లు పోశాం. పది రోజులు గోనె పట్టా అడ్డం కట్టి నీడ ఇచ్చాం. నెల రోజులు కొత్తగా ఎరువు వెయ్యలేదు. మూడు నాలుగు రోజులు ఆకులు వాడినట్టు కనబడ్డాయి. నేను చెంబు పట్టుకుని వెళ్తే వాడు ఆపాడు. 'మట్టిలో వేలు పెట్టి చూడండి. తడిగా ఉంటే పోయొద్దు' అన్నాడు.

పని అయ్యాక ఇద్దరం వరండాలో కూర్చున్నాం. చేతులకి మట్టి ఉంది. వాడు మాట్లాడుతున్నాడు. మన కొండల్లో పిప్పలి తీగ పెంచేవాళ్లు ఉన్నారు కదా. కాయ కంటే వేరు కోసమే పెంచుతారు. దాన్నే మోడి అంటారు. ఆ మోడిని ఎలా తవ్వుతారో, తీగ చావకుండా ఎంత తీసి ఎంత ఉంచుతారో వాళ్ల తాత చెప్పాడట. అదంతా నాకు చెప్తున్నాడు. వింటూ, ఇంత మాట్లాడే పిల్లాణ్ని మూడు నెలలు మాట రాకుండా చేసిన దాంట్లో నా చెయ్యి కూడా ఉంది కదా అనుకున్నాను. పైకి ఏమీ అనలేదు.

తర్వాత వారం వాళ్లింటికి వెళ్లాను. ఈసారి చెప్పడానికి వెళ్లలేదు, అడగడానికి వెళ్లాను. 'నా వల్ల తప్పు జరిగింది చెల్లీ' అన్నాను. ఆమె చాలాసేపు చేటలో రాగులు చెరుగుతూ కూర్చుంది. 'నువ్వు మంచికే చేశావు అన్నా. కానీ వాడు చిన్నవాడు' అంది.

మా మండలంలోనే, ఇంటికి నడిచి వెళ్లే దూరంలో ఒక ఆశ్రమ పాఠశాల ఉంది. భవనం పాతది. లైబ్రరీ అంటే ఒక బీరువా. కానీ అక్కడ మా భాష తెలిసిన టీచరు ఒకరు ఉన్నారు. మా ఊరి పిల్లలు ఐదారుగురు చదువుతున్నారు. ఆదివారం ఇంటికి రావచ్చు. అక్కడ మళ్లీ 6వ తరగతిలోనే చేర్చాం. ఒక ఏడాది పోయింది. కొందరు 'అంత పెద్ద బడి సీటు వదిలేసి ఇక్కడ చేర్చావా' అని నన్ను అడిగారు. అడగనీ.

ఇదంతా రాస్తున్నానని, పిల్లల్ని పెద్ద బడులకి పంపొద్దని నేను అంటున్నట్టు ఎవరూ అనుకోవద్దు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు పెద్ద బడులకి, పెద్ద ఊళ్లకి వెళ్లాలి. ఇంగ్లీషు రావాలి. నూనె డబ్బాలో ఉంచేసిన తీగ ఎలా అయిపోయిందో కూడా నేను చూశాను. నాలుగు పసుపు ఆకులు. భయపడి కదపకపోవడం కూడా చంపడంలాంటిదే, కొంచెం ఆలస్యంగా. జాగా కావాలి. తప్పకుండా కావాలి. నేను చెప్పేది మార్చే పద్ధతి గురించి.

ఉపాధ్యాయ మిత్రులకి నాలుగు మాటలు. పిల్లాడికి తెలుగు చదవడం వచ్చు కదా అని సరిపెట్టుకోవద్దు. నోరు తెరిచి అన్నం అడగగలడా, కడుపు నొప్పి అని చెప్పగలడా, తెలియని మనిషితో గొడవ పడగలడా చూడండి. 4, 5 తరగతుల్లోనే ఆ మాటలు నేర్పండి. నేను నేర్పలేదు. నాకు మా భాష వచ్చు కాబట్టి, అదే నాకు సుఖం కాబట్టి, తెలుగులోకి వాణ్ని కొంచెం కొంచెంగా జరపలేదు. భాష రాని టీచరు వల్ల నేను నష్టపోయాను. భాష వచ్చిన టీచరు బద్ధకం వల్ల వాడు నష్టపోయాడు. పంపేటప్పుడు ఒక్కణ్నే పంపకండి, వీలైతే ఇద్దరిని కలిపి పంపండి. పంపాక మొదటి నెలలో ఒకసారి వెళ్లి చూడండి. ఆ బడి వాళ్లకి పిల్లాడి మాటలు పది రాసివ్వండి. అన్నం, నీళ్లు, నొప్పి, భయం, ఇల్లు. పది మాటలు చాలు, ఆ పిల్లాడు పట్టుకోవడానికి.

ఇంటి మాటని మురికిలా కడిగేసి పంపొద్దు. ఆ మట్టితోనే వెళ్లనివ్వండి.

ఇప్పుడు తీగ వరండా దూలం దాకా వెళ్లింది. మొన్నటి ఏడాది మొదటిసారి నాలుగు గుత్తులు వేసింది. ఎండబెడితే పిడికెడు మిరియాలు కూడా కాలేదు. భోజనం వండే అక్క వాటిని దంచి పిల్లల చారులో వేసింది. పిల్లాడు ఆశ్రమ పాఠశాలలో 7వ తరగతికి వచ్చాడు. ఫస్టు రాలేదు. లెక్కల్లో మంచి మార్కులు, ఇంగ్లీషులో అత్తెసరు. క్లాసులో మాట్లాడతాడట, కొంచెం ఎక్కువే మాట్లాడతాడని వాళ్ల టీచరు నాతో అన్నారు. ఆ ఫిర్యాదు విని నాకు కలిగిన సంతోషం ఆయనకి అర్థమై ఉండదు.

సంక్రాంతి సెలవుల్లో వాడు బడికి వచ్చాడు. రాగానే కుండీ దగ్గర బోర్లా పడుకుని, అడుగున చిల్లు దగ్గర వేలు పెట్టి తడిమాడు.

'సార్, చేర్ మళ్లీ బయటికి వచ్చింది' అన్నాడు. తర్వాత, నేను అడగకుండానే, తెలుగులో కూడా చెప్పాడు. 'వేరు బయటికి వచ్చింది సార్. వానలకి ఇంకొంచెం పెద్ద కుండీ చూడండి.'

'ఎంత పెద్దది?' అన్నాను.

మూడు వేళ్లు చూపించాడు.